అటెండరు లేనిదే అడ్మిషన్ లేదు

సిస్టరమ్మ మొక్కల్ని పెంచదు, అడ్మిట్ చేసుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆవిడ గురించి సగం తెలిసినట్టే. మిగతా సగం తెలియడానికి మాత్రం, ఆ ఇంటికి రోజూ వెళ్ళివచ్చే నాకు కూడా చాలాకాలం పట్టింది.

అసలు పేరు కరుణమ్మ. ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరై, గురజాలలో మా ఎదురింటి మేడమీద అద్దెకు దిగింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వార్డు నిండా జనముంటే మళ్ళా ఇంటికాడ ఇంకొకడెందుకు?" అనేది. ఆసుపత్రివాళ్ళు శాలువా కప్పి, దండ వేసి, ఫోటో తీసి పంపించిన మర్నాడు పొద్దున్నే తెల్లచీర కట్టుకుని రౌండ్సుకు బయల్దేరింది. వార్డు లేదు గనక మా వీధిలో తిరిగింది. పాలు పోసేవాడిని నాలుక చాపమంది. ఇస్త్రీ బండి అతని కనురెప్ప కిందికి లాగి చూసి, ఆకుకూరలు తినమంది. కొన్నాళ్ళకి వీధిలో అందరం ఆవిడ మేడ దిగే శబ్దం వినగానే లోపలికి పోయి గడియ వేసుకోవడం మొదలుపెట్టాం.

నాకు వీధి మొగదల ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కొట్టు ఉంది. ఒకరోజు ఆవిడ ఫ్యాను బిగించడానికి వెళ్ళి, దిగాక ఊరికే ఫోన్లో ఒక వీడియో చూపించాను. తెల్ల గొట్టాలకు వరసగా రంధ్రాలు, రంధ్రానికో మొక్క, గొట్టంలో నీళ్ళు. ఎక్కడా చిటికెడు మట్టి లేదు.

"మట్టి లేకుండా ఎట్టా బతుకుతయ్యి రవీ?"

"నీళ్ళలోనే మందు కలుపుతారంట సిస్టరమ్మా. వేర్లకి గాలి అందడానికి చిన్న పంపు పెడతారంట."

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టించుకుంది.

"అంటే సెలైనూ, ఆక్సిజనూ," అంది. "దీనికి హైడ్రోపోనిక్సని అంత పేరెందుకు? నేను జీతం తీసుకుని చేసింది ఇదే గదా."

ఆ క్షణాన మా వీధి మనుషులు బతికిపోయారు, మొక్కలు దొరికిపోయాయి.

ఆరుబయట పెట్టే ప్రశ్నే లేదు. రాష్ట్రమంతటికీ పేరుమోసిన రెంటచింతల ఎండ పక్కనున్న గురజాలకు రావడానికి బస్సెక్కాల్సిన పని లేదు, నడిచే వస్తుంది. అందుకని ఆవిడ హాలు హాలంతా వార్డయింది. పాత ఇనప మంచాల మీద గొట్టాలు పరిచాం. గ్లూకోజు స్టాండ్లకి ఖాళీ సెలైన్ సీసాలు తలకిందులుగా వేలాడదీసి, వాటిలోంచి మందునీళ్ళు చుక్కచుక్కగా గొట్టాల్లోకి దిగే ఏర్పాటు ఆవిడే చేసింది. కిటికీ వెలుతురు చాలదని ఊదారంగు లైట్లు పెట్టించింది. సాయంత్రమయితే మేడంతా ఊదాగా వెలిగేది. ఆటోవాళ్ళకి అదొక స్టాపయింది. "ఊదా లైటింటికాడ దిగేవాళ్ళున్నారా?" అని అడిగేవాళ్ళు. పంపులు బాగుచేసే నన్ను ఆవిడ వచ్చినవాళ్ళకి "మా బయోమెడికల్ ఇంజినీరు" అని పరిచయం చేసేది. నేను కూడా కొన్నాళ్ళు ఆ గర్వంతో కొట్టులో చొక్కా ఇన్‌షర్ట్ చేశాను.

ఆవిడ దృష్టిలో మొక్కకు వచ్చే జబ్బులన్నీ మనుషుల జబ్బులే. పాలకూర పసుపుపచ్చబడితే కామెర్లు. కొత్తాకు తెల్లగా పాలిపోతే రక్తహీనత, వెంటనే ఐరన్. వేళ్ళు తెల్లగా ఉంటే, "నాలుక శుభ్రంగా ఉంది, పర్లేదు." టమాటా పూలను చిన్న కుంచెతో తడిమి కాయ కట్టించేది, ఎందుకంటే గదిలోకి తేనెటీగ రాదు. మొదటి కాయ పడిన రోజు వీధిలో ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచి, "సుఖప్రసవం" అని చెప్పి వచ్చింది. కొత్తిమీర నాలుగు రెమ్మలు కోయాలంటే మైనర్ ఆపరేషన్. కత్తెర వేణ్ణీళ్ళలో మరగాల్సిందే. ఆ కొత్తిమీర కోసం చారు పొయ్యిమీద పెట్టి వచ్చిన మా ఆవిడ, కత్తెర మరిగేలోపు చారు ఇగిరిపోయి, మళ్ళీ చారు పెట్టుకున్న రోజులున్నాయి.

చర్చి పాస్టరు కృపానందం గారు ఒకసారి ప్రార్థన చేయడానికి వచ్చాడు. ఆయన గొంతు మైకు లేకుండానే దాచేపల్లి దాకా వినిపిస్తుంది.

"చెప్పులు బయట, పాస్టరు గారూ. చేతులు కడుక్కోండి. ప్రార్థన మెల్లగా చేయండి, పాలకూర ఇప్పుడే పడుకుంది."

"పడుకోవడమేందమ్మా?"

"దానికి లైటు తీసేసినం. రేత్రి డ్యూటీ టైము."

ఆయన జీవితంలో మొదటిసారి గుసగుసగా ప్రార్థించి, మెట్లు దిగేటప్పుడు నాతో, "నిజం చెప్తున్నా రవీ, దేవునికి వినపడిందో లేదో అనుమానంగానే ఉంది," అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, అటెండరు రూలు ఒక ఎత్తు. ఇంట్లో కుండీలో చచ్చిపోతున్న మొక్కను ఎవరు తెచ్చినా ఆవిడ చేర్చుకునేది. మట్టంతా కడిగి, వేళ్ళు కత్తిరించి, గొట్టంలో బెడ్డు ఇచ్చేది. కానీ ముందు అడిగే మాట ఒక్కటే: "పేషెంటు వెంట ఎవరుంటారు?"

"మొక్కకి మనిషెందుకు సిస్టరమ్మా?"

"నా సర్వీసులో అటెండరు లేకుండా ఏ పేషెంటునీ చేర్చుకోలా. రాత్రి మందులెవరు తెస్తారు? బత్తాయి ఎవరు ఒలుస్తారు?"

"మల్లెచెట్టుకి బత్తాయా?"

"వాదించేవాళ్ళు అటెండరుగా పనికిరారు. ఇంకొకళ్ళను పంపించు."

అటెండరు రోజూ సాయంత్రం విజిటింగ్ అవర్స్‌లో వచ్చి, తన పేషెంటు పక్కన స్టూలు మీద కూర్చోవాలి. లోపలికి వచ్చే ముందు బీపీ చూపించుకోవాలి. మొక్క పక్కన కూర్చోవడానికి బీపీ ఎందుకని అడిగినవాళ్ళకి బీపీ ఉన్నట్టే లెక్క. బ్యాంకులో పనిచేసే కీర్తి కరివేపాకు మొక్కను తెస్తే, "నువ్వు ఆఫీసుకు పోయేదానివి, మీ అత్తను పంపు," అంది. కొత్తగా ఈ ఊరు వచ్చి, గుమ్మం దాటకుండా టీవీ ముందు కూర్చునే ఆ పెద్దావిడ మొదట గొణుక్కుంటూ వచ్చింది. తర్వాత, పెన్షన్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పక్కబెడ్డు వంకాయ అటెండరుతో ఆమెకు ఎంత స్నేహం కుదిరిందంటే, కరివేపాకు డిశ్చార్జ్ అయినా ఆవిడ డిశ్చార్జ్ కాలేదు. వంకాయను చూడటానికి బంధువుల కోటాలో వచ్చేది.

ఇలా వార్డు కళకళలాడుతున్న రోజుల్లో కింద మన్సూర్ భాయ్ కంచంలో నీళ్ళు పడ్డాయి.

మన్సూర్ భాయ్ ఆ ఇంటి యజమాని. బస్టాండు దగ్గర బిర్యానీ హోటలు ఆయనదే. వయసు మీదపడిందని వ్యాపారం కొడుకు సల్మాన్‌కి అప్పగించాడు గానీ, తనను తాను అప్పగించుకోలేకపోయాడు. రోజూ వెళ్ళి గల్లా పక్కన నిలబడి, తింటున్నవాళ్ళతో, "ఉప్పు తక్కువైంది గదా? నా టైములో ఇట్టా ఉండేది కాదు," అనేవాడు. అది విన్న గిరాకీలు ఉప్పు సరిపోయినా తక్కువైందనుకోవడం మొదలుపెట్టారు. చివరికి సల్మాన్, "అబ్బా, ఇంటికాడ ఆరాం చెయ్," అని తండ్రికి దండం పెట్టాడు.

దాంతో ఆరాం కోడలు ఫరా నెత్తిన పడింది. ఆయన వంటింట్లో స్టూలు వేసుకుని గిన్నెల మూతలు ఎత్తేవాడు. పప్పు మూత ఎత్తి, "ఊఁ," అనేవాడు. అన్నం మూత ఎత్తి నిట్టూర్చేవాడు. ఫరా ఒకరోజు మిక్సీ బాగుచేయించుకోవడానికి మా కొట్టుకొచ్చి, "అన్నా, మూతకి తాళం ఉండే గిన్నెలు ఎక్కడన్నా దొరుకుతయ్యా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ కళ్ళలో నీళ్ళున్నాయి. "లేకపోతే నేను పిడుగురాళ్ళ పోతా, మా అమ్మ దగ్గరికి. ఆయన మంచోడే అన్నా. అన్నం సరిగా తినడు, నిద్రపోడు, ఊరికే ఎవరిమీదో ఒకరిమీద అరుస్తాడు."

అటువంటి మనిషి భోజనం చేస్తుంటే పైకప్పు నాపరాళ్ళ సందులోంచి పైనున్న మందునీళ్ళు టప్పున కంచంలో పడ్డాయి. ఎక్కడో గొట్టం అతుకు ఊడింది.

ఆయన చెప్పులతోనే మేడెక్కాడు.

"ఏంది సిస్టరమ్మా ఇది? నా పప్పులో వాన పడుతుండాది."

"చెప్పులు బయట, మన్సూర్ భాయ్."

"నా ఇంట్లో నా చెప్పులు."

"మీ ఇంట్లో నా పేషెంట్లు."

"పేషెంట్లు లేరు, గీషెంట్లు లేరు. ఈ నెలాఖరుకి ఖాళీ చేయండి. అద్దెకిచ్చింది మనిషికి, గొట్టాలకి కాదు."

ఆయన దిగిపోయాడు. సిస్టరమ్మ కాసేపు మెట్లవైపు చూసి, "మనిషి మొహం చూసినావా? కళ్ళకింద నలుపు. చెయ్యి వణుకుతుండాది," అంది. నాకేమో ఇంత వార్డు ఎక్కడికి మార్చాలా అని చెయ్యి వణుకుతోంది.

ఇల్లు వెతకడం నామీద వేసుకున్నాను. మనిషి ఒక్కరే, సిగరెట్టు లేదు, మందు లేదు అనగానే యజమానులందరూ సంతోషించేవాళ్ళు. మొక్కలుంటాయి అంటే మరీ సంతోషించేవాళ్ళు. ఎన్ని అని అడిగితే, వార్డుకి సరిపడా అనేవాణ్ణి. ఒకాయన నీళ్ళ మోటారుకి తాళం వేసి వచ్చి మరీ మాట్లాడాడు. ఇంకొకాయన ఆ ఊదా లైట్ల ఆవిడేనా అని తలుపు మూశాడు. అతుకు మాత్రం అదేరోజు సరిచేశానుగానీ, ఒకసారి దారి తెలిసిన నీరు ఇంకెక్కడినుంచో అప్పుడప్పుడూ కారుతూనే ఉండేది.

సిస్టరమ్మ మాత్రం సామాను సర్దలేదు. ఒక ఉదయం బతిమాలడానికి కాబోలు కిందికి దిగింది. నేనూ తోడు వెళ్ళాను. ఆవిడ బతిమాలలేదు. వంటింటి కిటికీలో కుండీ ఒకటి కనపడితే వంగి చూసింది. అది మన్సూర్ భాయ్ స్వయంగా నాటి, మర్చిపోయిన పుదీనా. బోరు ఉప్పునీళ్ళకి మాడి, నాలుగు కాడలు మిగిలాయి.

"ఇది సీరియస్," అంది. "వెంటనే అడ్మిట్ చేయాల."

"పుదీనా ఎండితే బజార్లో కట్ట కొంటాం. దానికేంది?" అన్నాడు మన్సూర్ భాయ్, పప్పు మూత చేతిలో పట్టుకుని.

"అటెండరు ఎవరు?"

"మా మామగారే," అంది ఫరా. నేను చూసిన మనుషుల్లో అంత తొందరగా జవాబు చెప్పినవాళ్ళు లేరు.

"నేనా? నేను పైకి రాను. నెలాఖరుకి ఖాళీ చేసేవాళ్ళతో నాకేంది పని?"

"నెలాఖరు దాకా పేషెంటు నాది గదా," అంది సిస్టరమ్మ, కుండీ చంకన పెట్టుకుని.

మొదటిరోజు ఆయన బీపీ చూపించుకుని, స్టూలు మీద చేతులు కట్టుకుని, పుదీనా తనకు బాకీ ఉన్నట్టు దానివైపు చూస్తూ కూర్చున్నాడు. పుదీనాకి ఐసోలేషన్ అని విడిగా ఒక బకెట్టు, దానికో పంపు. అది నేలమీద పెట్టడంతో గుర్రుమని శబ్దం చేస్తుండేది. రెండోరోజు ఆయన మందునీళ్ళలో వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"ఔట్," అంది సిస్టరమ్మ. "పేషెంటు మందు రుచి చూసే అటెండరుని నా సర్వీసులో చూడలా."

మర్నాడు ఆయన తిరిగి వచ్చాడు. ఈసారి చేతిలో క్యారియరు ఉంది. అటెండరంటే క్యారియరు ఉండాలి గదా అన్నాడు. అందులో ఖీమా, రొట్టెలు. బయటి తిండి వార్డులోకి రాకూడదని సిస్టరమ్మ రూలు చదివింది. చదువుతూనే మూత తీసింది. ఆ వాసనకి వంకాయ అటెండరూ, కీర్తి అత్తగారూ స్టూళ్ళు దగ్గరికి జరుపుకున్నారు. అప్పటినుంచి మన్సూర్ భాయ్ మధ్యాహ్నమంతా అటెండర్ల కోసం వండటం మొదలుపెట్టాడు. వంటింట్లో వండేది తనే గనక, ఎత్తడానికి వేరేవాళ్ళ మూతలు లేకుండా పోయాయి. ఫరా ఆ వేళ కుట్టుమిషను ముందేసుకునేది. ఇదిగో తిను అని ఎవరికైనా పెడితే, వాళ్ళు తింటే, ఆయనకూ ఆకలయ్యేది. సల్మాన్ ఒకరోజు మిగిలిన క్యారియరు తిని, "అబ్బా, శుక్రవారం హోటలుకొచ్చి బిర్యానీకి నువ్వే దమ్ము పెట్టు," అన్నాడు. "పొద్దునయితే వస్తా. సాయంత్రం నాకు డ్యూటీ ఉండాది," అన్నాడట ఈయన.

పుదీనా మాత్రం లేవలేదు. కొత్త చిగుళ్ళు వేసినట్టే వేసేది, సాయంత్రం విజిటింగ్ అవర్స్‌కి తలవాల్చేసేది. నెలాఖరు వచ్చింది. నేను భయపడుతూ చూస్తున్నాను. మన్సూర్ భాయ్ పుదీనావైపు చూసి, గడ్డం గోక్కుని, "పేషెంటు ఈ స్థితిలో ఉంటే ఎట్టా షిఫ్టు చేస్తారు? పై నెల చూద్దాంలే," అన్నాడు. ఆ పై నెలా అంతే. మా వార్డు మొత్తం ఆ పుదీనా నీరసం మీద నిలబడి ఉంది.

ఒకరోజు కొట్టులో పని లేక, విజిటింగ్ అవర్స్‌కి ముందే మేడెక్కాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. నెట్టాను.

సిస్టరమ్మ ఐసోలేషన్ బకెట్టు పంపు ఆపేసి, పుదీనాను వేళ్ళతో సహా నీళ్ళలోంచి పైకి తీసి, టేబుల్ ఫ్యాను ముందు పట్టుకుని నిలబడి ఉంది. మొక్క ఒత్తుగా, నవనవలాడుతూ ఉంది. నా కళ్ళముందే ఆకులు ఒక్కొక్కటే వేలాడటం మొదలుపెట్టాయి. కత్తెర మరగబెట్టకుండా కొత్తిమీర రెమ్మ ముట్టుకోని మనిషి.

"సిస్టరమ్మా, ఇదేంది?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "తలుపెయ్యి. గాలి తగిలి మరీ ఎండితే కష్టం," అంది.

"అంటే ఇన్నాళ్ళూ ఇది బాగానే ఉందా?"

"వచ్చిన వారానికే లేచి కూర్చుంది."

నాకు అర్థమైందనుకున్నాను. "ఇల్లు ఖాళీ చేయకుండా ఉండటానికా?" అన్నాను, కాస్త మెచ్చుకోలుగానే.

ఆవిడ నన్ను మొదటిసారి నిజంగా కోపంగా చూసింది.

"ఇంటికేంది? పాస్టరు గారు చర్చి వెనక గది ఇస్తానని ఆ నెలలోనే చెప్పినాడు. బిగ్గరగా ప్రార్థన చేసుకోనిస్తే చాలన్నాడు. నాకు ఇల్లు లేకనా?"

"మరెందుకు?"

"దీన్ని డిశ్చార్జ్ చేస్తే ఆయన మెట్లు ఎక్కుతాడా? కిందనే కూర్చుని మళ్ళా మూతలెత్తుతాడు. ఆ పిల్ల పిడుగురాళ్ళ బస్సెక్కుతుంది. ఇప్పుడు బీపీ దిగింది, నిద్రపోతుండాడు, చెయ్యి వణకట్లా. కోర్సు మధ్యలో మందు ఆపుతారంట్రా ఎవరన్నా?" అని పుదీనాను మెల్లగా బకెట్టులో పెట్టి, ఆకులు తడిమింది. "పాపం, ఇది మంచి పిల్ల. రాత్రికి నీళ్ళు పెడితే తెల్లారేసరికి లేస్తుంది. ఏమనుకోదు."

ఖాళీ స్టూళ్ళవైపు చూశాను. గుమ్మం దాటని కీర్తి అత్తగారు, పెన్షన్ కాగితాలు తిరగేస్తూ బెంగపెట్టుకున్న వంకాయ అటెండరు, రోజూ అందరికీ బీపీ. ఈ వార్డులో పేషెంట్లు గొట్టాల్లో లేరు.

మన్సూర్ భాయ్‌కి ఇది తెలిస్తే ఏమవుతుందోనని నాకు కొత్త భయం పట్టుకుంది. రోషం మనిషి. తనను ఒక పుదీనా పెట్టి మోసం చేశారని తెలిస్తే గొట్టాలన్నీ వీధిలో వేస్తాడు. ఆయన మనసెలా ఉందో కనుక్కుందామని మెట్లు దిగి కిందికి వెళ్ళాను. ఆయన క్యారియరు సర్దుతున్నాడు. మంచం ఇంతకుముందున్న చోట లేదు. చినుకు పడేచోటు వదిలి గోడవారకి జరిపి ఉంది.

"పుదీనా ఎట్టా ఉందంటావు భాయ్?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

ఆయన నావైపు చూడకుండా క్యారియరు గిన్నెలు ఒకదానిమీద ఒకటి పెడుతున్నాడు.

"జిందగీ అంతా పుదీనా కోసినోణ్ణి రవీ. వడలిపోయిన పుదీనాకి, వడలగొట్టిన పుదీనాకి తేడా తెల్వదా నాకు?"

నేను పైకప్పువైపు చూశాను.

"ఆ పంపు సరిగ్గా నా నెత్తిమీద ఉండాది," అన్నాడు వేలితో పైకి చూపిస్తూ. "రోజంతా గుర్రుమంటది. సాయంత్రం కాగానే ఆగిపోతది. ఆగిందంటే ఆమె పేషెంటుని రెడీ చేస్తున్నట్టు. నేను తల దువ్వుకుంటా."

"మొదటినుంచీ తెలుసా?"

"రెండోవారం నుంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆమె మొహం ఏం గావాల? పెద్ద సిస్టరు. ఇంతకాలం డ్యూటీ చేసి ఒక్కతే ఇంట్లో కూర్చుంటే ఏం తోస్తది చెప్పు. ఎవడో ఒకడు పేషెంటుగా ఉండాల గదా ఆమెకి." క్యారియరు కమ్మీ బిగించాడు. "నేనున్నా."

"మరి ఖాళీ చేయడం?"

"పేషెంటు లేచినాక చూద్దాం అన్నా గదా."

"పుదీనా లేస్తుందంటావా?"

"ఆమె లేవనిస్తదా," అన్నాడు.

ఆయన అద్దం ముందుకు వెళ్ళి టోపీ సర్దుకున్నాడు. క్యారియరు ఎడంచేతిలోకి మార్చుకుని, కనుబొమలు దగ్గరికి తెచ్చి, పెదాలు కిందికి వంచి నావైపు తిరిగాడు.

"ఎట్టుంది? దిగులుగా ఉందా?"

నేను పరీక్షగా చూశాను. ఆ మధ్య బుగ్గలు కాస్త నిండాయి, దిగులు నిలవడానికి చోటు తక్కువగా ఉంది.

"ఇంకొంచెం కావాలి భాయ్," అన్నాను.

ఆయన ఇంకొంచెం దిగులు పెట్టుకుని, మెట్లు ఎక్కాడు.